వంటచెరకులో చక్కెర

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినవారికి ఒక దృశ్యం తప్పదు. బెరడు ఒలిచిన సుబాబుల్ కర్రను నిలువెత్తుకు మించి పేర్చుకుని, వెనక ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టుకుని, ఎత్తు వచ్చిన చోటల్లా మూలుగుతూ పోయే లారీలు. కొత్తగూడెం దాటాక వాటి వెనక పడ్డామంటే మన బస్సుదీ లారీ నడకే. అవి చాలామటుకు గోదావరికి ఇవతలి ఒడ్డున, సారపాకలో ఆగుతాయి. 1979లో అక్కడ పని మొదలుపెట్టిన భద్రాచలం పేపర్ బోర్డ్స్ మిల్లు ఇప్పుడు ఐ.టి.సి. వారిది. మీ పిల్లవాడి నోటుపుస్తకమో, మందుసీసా పెట్టివచ్చిన అట్టపెట్టో ఒకనాడు ఈ దారిన లారీ ఎక్కి వెళ్లిన చెట్టే అయివుండవచ్చు.

మొన్న మాఘమాసంలో రాములవారి దర్శనానికని సకుటుంబంగా బయలుదేరాం. నా పక్కన మా బావమరిది కూర్చున్నాడు. అతనికి వైరా అవతల ఐదెకరాల పొలం. మూడెకరాల్లో సుబాబుల్, రెండెకరాల్లో పత్తి. నాలుగేళ్ల కిందట మొక్క నాటిన రోజున దళారి చెప్పిన ధర ఒకటి. చెట్టు ఎదిగి నిలబడ్డాక అదే దళారి చెబుతున్న ధర మరొకటి. నరికిస్తే కూలి పోను ఏం మిగులుతుందో తెలియదు. నరికించకపోతే అమ్మాయి చదువుకు కట్టవలసిన డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో అంతకంటే తెలియదు. అందుచేత ముందు పోయే లారీని అతను చూసే చూపు వేరు, నేను చూసే చూపు వేరు.

“బావా, మా ఊరి కుర్రాళ్లు ఫోనులో చూశారట. కర్రను చక్కెర చేస్తారట. ఆ చక్కెరను పులియబెట్టి పెట్రోల్లో కలిపే సరుకు తీస్తారట. నిజమేనా?” అన్నాడు.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. చేవ అంటే చెట్టు నడిమి గట్టిభాగమనీ, మనిషిలోని గట్టిదనమనీ రెండర్థాలు చెప్పగలను. అంతకు మించి కర్రలో ఏముందో నాకేం తెలుసు? “కనుక్కుని చెబుతాను” అన్నాను.

“నిజమే అయితే ఈ ఏడు నరకను. కాగితం వాడు కాకపోతే చక్కెర వాడు కొంటాడు. ఇద్దరు కొనేవాళ్లుంటే ధర దానంతట అదే లేస్తుంది” అన్నాడు బావమరిది. ఆ మాటతో నా మీద భారం పడింది. ఏదో పొద్దుపోక అడిగిన ప్రశ్న కాదది. నేను ఔనంటే అతను ఏడాది ఆగుతాడు. కాదంటే ఈ వారమే గొడ్డలి పడుతుంది.

తిరిగి వచ్చాక మా కాలేజీ కెమిస్ట్రీ మాష్టారిని పట్టుకుని నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. ఆయన బల్లమీద సుద్దముక్కతో గీసినవన్నీ నాకెక్కలేదు గాని, ఎక్కినంతవరకు మీతో పంచుకుంటాను.

ముందు ఒక చిన్న పరీక్ష. ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు కూరా పులుసూ ఏమీ కలపకుండా ఒక ముద్ద వట్టి అన్నం నోట్లో పెట్టుకుని, మింగకుండా నమలండి. కాసేపటికి నాలుకకు తీపి తగులుతుంది. అన్నంలోని పిండిపదార్థమంటే గ్లూకోజు అనే చక్కెర రేణువులు వేలకొద్దీ ముడిపడిన గొలుసు. మన ఉమ్మిలోని ఎంజైము ఆ గొలుసును తెంపుతుంది, తీపి బయటపడుతుంది. ఇప్పుడు పొయ్యి దగ్గరున్న వంటచెరకు పేడు ఒకటి నమిలిచూడమని అననులెండి, నా మాట నమ్మండి. పొద్దస్తమానం నమిలినా పళ్లు అరుగుతాయే తప్ప తీపి రాదు. వింత ఏమంటే, కర్రలో ఉన్న సెల్యులోజు కూడా అదే గ్లూకోజు గొలుసు! పొయ్యిలో పెట్టే కట్టెను వంటచెరకు అన్న భాష మనది. చెరకు అనే మాట పేరులోనే ఉంది. ఇన్నేళ్లు పాఠం చెబుతూ నేను ఆ వైపు చూడనే లేదు.

మరి ఒకటి అన్నమూ, ఒకటి కట్టే ఎందుకయ్యాయి? ముడి వేసిన తీరులో ఉంది కిటుకు. పిండిలో రేణువులన్నీ ఒకే వైపు తిరిగి ముడిపడతాయి. ఆ గొలుసు వంకీలు తిరిగి వదులుగా ఉంటుంది. నీళ్లు పోసి ఉడికిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. సెల్యులోజులో ఒక రేణువు తల పైకి ఉంటే పక్కదాని తల కిందికి. దానివల్ల గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసుకు అతుక్కుని, చాప అల్లినట్టు బిర్రుగా కూర్చుంటుంది. నీటిచుక్క దూరే సందు కూడా ఉండదు.

అంతటితో అయిపోలేదు. భద్రాచలం అడవి గూడేల్లో ఇంటిగోడ కట్టడం చూసే ఉంటారు. వెదురు బద్దలతో తడిక అల్లి, నారతో బిగించి కట్టి, పైన మట్టి మెత్తుతారు. చెట్టు గోడా అలాంటిదే. సెల్యులోజు వెదురుబద్ద. దాన్ని చుట్టుకున్న హెమిసెల్యులోజు అనే మరో రకం చక్కెరల గొలుసు కట్టునార. లిగ్నిన్ అనేది మెత్తిన మట్టి. సుబాబుల్, జామాయిల్ వంటి చెట్ల పొడికర్ర నూరు కిలోలు తీసుకుంటే సుమారు 40 నుంచి 45 కిలోల బద్ద, 20 నుంచి 30 కిలోల నార, 20 నుంచి 25 కిలోల మట్టి ఉంటాయి. ఆ మట్టి చక్కెర కాదు, చక్కెర కాబోదు. చెట్టు గాలికి నిలబడేది, పురుగుకూ బూజుకూ అంత సులువుగా లొంగనిది చాలావరకు దాని చలవే.

లెక్క కట్టడంలో తప్పులేదు గదా అని అక్కడే కట్టించాను. టన్ను పొడికర్రలో 450 కిలోల సెల్యులోజు ఉందనుకుంటే, ముడి తెగిన ప్రతిచోటా ఒక నీటి రేణువు వచ్చి చేరుతుంది కాబట్టి చేతికి రావలసిన గ్లూకోజు 500 కిలోలు. దాన్ని పులియబెడితే లెక్కప్రకారం మూడువందల పైచిలుకు లీటర్ల ఆల్కహాలు. వింటున్న నాకే నోరూరింది. అప్పుడు మాష్టారు సుద్దముక్క కింద పెట్టి, “ఇది కాగితం మీది లెక్క పంతులుగారూ! ఆ కర్రను ఊరికే పొడి కొట్టి ఎంజైములో వేస్తే వచ్చేది ఇందులో ఇరవై శాతం లోపు. మిగతాది గోడ వెనకే ఉంటుంది. గోడ తెరవడమే అసలు పని, అసలు ఖర్చూ అదే” అన్నారు.

ఆ తెరవడాన్ని ఇంగ్లీషువాళ్లు ప్రీట్రీట్‌మెంట్ అంటారట. నాకు మాత్రం అది వినగానే ఊరబెట్టడం గుర్తొచ్చింది. మా చిన్నతనంలో గోగు కట్టెలు కోసి, కట్టలు కట్టి, కుంటలో ముంచి, పైన రాళ్లు పెట్టేవారు. రెండు మూడు వారాలకు ఊరంతా ముక్కు మూసుకునే వాసన. నీళ్లలోని సూక్ష్మజీవులు నారను కట్టెకు అంటించిన జిగురును తినేసేవి. పట్టుకుని లాగితే నార జారివచ్చేది. అది పూర్తిగా ఇది కాదు గాని, వరస మాత్రం ఇదే. బలంతో చీలిస్తే నార తెగుతుంది, ఊరబెట్టి లాగితే వస్తుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మా బావమరిది దొడ్లోనే ఉంది. ఎండుగడ్డిలో పశువుకు సత్తువ తక్కువ. నూరు కిలోల వరిగడ్డి మీద 4 కిలోల యూరియా కలిపిన నీళ్లు చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగవేస్తే అదే గడ్డి గేదె ఇష్టంగా తింటుంది, పాలూ పెరుగుతాయి. యూరియా నుంచి అమ్మోనియా పుట్టి గడ్డిలోని ఆ మట్టిగోడను సడలిస్తుంది. అప్పుడు గేదె పొట్టలోని సూక్ష్మజీవులకు సెల్యులోజు అందుతుంది. పశువుల డాక్టరు చెబితే అతను ఏళ్లుగా చేస్తున్న పనే ఇది. పేరు తెలియదంతే.

అడవిలో అయితే ఈ విద్యలో పండిపోయినవి చెదలు. శ్రావణమాసంలో ఉరుము ఉరిమాక పుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి. ఆ రోజుల్లో భద్రాచలం సంతకు వెళితే ఆకు దొన్నెల్లో అమ్ముతారు. కొన్ని రకాల చెదలు ఎండుకర్రను నమిలి, పూర్తిగా అరిగించుకోకుండానే తెచ్చి పుట్టలోపల తేనెపట్టులా పేరుస్తాయి. దాని మీద ఒక బూజు పెరుగుతుంది. లిగ్నిన్‌ను విడగొట్టే శక్తి ఆ బూజుకుంది. అది గోడ పడగొట్టాక చెదలు తిరిగివచ్చి ఆ పట్టునే తింటాయి. వానాకాలంలో పైకి లేచి మనకు కూర అయ్యేది ఆ బూజు తాలూకు గొడుగే. మనం వరి పండించినట్టు చెదలు బూజును పండిస్తాయన్నమాట. వాటికి తొందర లేదు. తొందరంతా మనిషికే.

మనిషి తొందరపడటం 1819లో మొదలైంది. ఫ్రాన్సులో బ్రాకొన్నో అనే రసాయనశాస్త్రవేత్త గుడ్డపీలికలనూ కర్రపొడినీ గంధకామ్లంలో వేసి చక్కెర రాబట్టాడు. పోయిన శతాబ్దంలో యుద్ధాలు వచ్చినప్పుడల్లా జర్మనీలోనూ, అమెరికాలోనూ, రష్యాలోనూ కర్రనుంచి ఆల్కహాలు తీసే మిల్లులు లేచాయి. యుద్ధం ఆగి, చెరకుమడ్డీ, పెట్రోలూ చవకగా దొరకగానే చాలాచోట్ల మూతబడ్డాయి. రష్యావి మాత్రం ఎక్కువ కాలం నడిచాయి. చవకదనం ముందు ఏ శాస్త్రమూ నిలవదు కాబోలు.

ఆమ్లంతో వచ్చే చిక్కు గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. అరిసెలకు పాకం పట్టేటప్పుడు పొయ్యి దగ్గరనుంచి కదలనివ్వరు గదా! ఒక్క క్షణం ముందు దించితే పాకం రాదు. ఒక్క క్షణం ఆలస్యమైతే ముదిరి చేదెక్కుతుంది. కర్రపేళ్లను ఒక పాలు గంధకామ్లం కలిపిన నీళ్లలో వేసి 160, 180 డిగ్రీల వేడిలో ఉడికిస్తే ముందు కట్టునార, అంటే హెమిసెల్యులోజు, కరిగి చక్కెర అవుతుంది. అక్కడ ఆపాలి. ఆపకపోతే ఆ చక్కెర మాడి ఫర్‌ఫ్యూరాల్ వంటి పదార్థాలవుతుంది. అవి పులియబెట్టే ఈస్టుకు విషం. తీపి వచ్చిందని సంతోషించేలోగా ఆ తీపిని తినవలసిన జీవి చస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఉడకవలసిన కాలం సుమారు సగానికి తగ్గుతుందనేది వీళ్ల బండ లెక్క. వంటింట్లో ఆ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు గాని, మా ఇంట్లో పాకం పట్టేవారికి చేతిలో ఉంది.

మరో పద్ధతి పేలాల పద్ధతి. ఆవిరితో 200 డిగ్రీల దగ్గర, పెద్ద ఒత్తిడిలో కర్రపేళ్లను కొద్ది నిమిషాలుంచి, మూత ఒక్కసారిగా వదిలేస్తారు. లోపల చిక్కుకున్న నీరు ఆవిరై విచ్చుకోవడంతో కర్ర జొన్నపేలంలా పగిలి పీచుపీచవుతుంది. 1920లలో అమెరికాలో మేసన్ అనే ఆయన ఇలా పేల్చిన కర్రతోనే మేసొనైట్ అట్టబల్లలు చేశాడు. ఆయనకు కావలసింది చక్కెర కాదు, బల్ల. ఇప్పుడు చక్కెరకోసమూ అదే ఫిరంగి పేలుస్తున్నారు.

కాగితం మిల్లుది మూడో దారి. మా మాష్టారు కాగితం మిల్లు గురించి గంట చెప్పారు. నాకు ఒక్కమాటలో చాకిబాన గుర్తొచ్చింది. చవుడుమట్టి కలిపి బట్టలు ఉడకవేస్తే మురికి వదిలినట్టు, సోడాక్షారమూ గంధకక్షారమూ కలిపిన ద్రవంలో కర్రపేళ్లను 160, 170 డిగ్రీల దగ్గర ఉడకవేస్తే లిగ్నిన్ కరిగి నల్లటి నీళ్లుగా దిగిపోతుంది. మిగిలేది గుజ్జు. ఆ నల్లనీళ్లను చిక్కబెట్టి బాయిలరులో మండిస్తారు. ఆవిరీ, కరెంటూ వస్తాయి, వాడిన క్షారమూ తిరిగి చేతికొస్తుంది. గోడ తెరవడానికి ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదట. కాకపోతే అంత ఖరీదుగా ఉడికించిన గుజ్జును చక్కెర చేయడమంటే పట్టుచీర చించి మసిగుడ్డ చేసినట్టు. కాగితమై అమ్మితేనే దానికి విలువ.

ఇక్కడ మాష్టారు చెప్పిన ఒక సంగతి నా మనసులో ఉండిపోయింది. మణుగూరు దాటి ఏటూరునాగారం వైపు గోదావరి వెంట పోతే మంగపేట మండలంలో కమలాపురం వస్తుంది. ఇప్పుడది ములుగు జిల్లా. అక్కడ ఏ.పి. రేయాన్స్ అనే మిల్లు ఉండేది. తరువాత బిల్ట్ వారి చేతికి వెళ్లింది. అది చేసింది కాగితం గుజ్జు కాదు, నకిలీ పట్టుదారం అనిపించుకున్న రేయానుకు కావలసిన గుజ్జు. దారానికి వట్టి వెదురుబద్ద కావాలి, కట్టునార పనికిరాదు. క్షారపద్ధతిలో అటువంటి గుజ్జు చేసేవారు క్షారం పోయడానికి ముందే కర్రను వేడి ఆవిరిలోనో నీళ్లలోనో ఉడికిస్తారు. బయటినుంచి ఆమ్లం కూడా అక్కరలేదు. కర్రలోంచే వెనిగరులోని పులుపు విడుదలై, చింతపండు వేసినట్టు, ఆ పులుపుకే హెమిసెల్యులోజు తెగి చక్కెరగా దిగిపోతుంది. ఆ తీపినీళ్లను ఇలాంటి మిల్లుల్లో మామూలుగా నల్లనీళ్లతో పాటు బాయిలరుకే పంపుతారు. అంటే, చక్కెర చేయడమెలాగని మేమిద్దరం బస్సులో మాట్లాడుకుంటున్నామే, దానికి మొదటి మెట్టు రేయాను గుజ్జు చేసేవారు ఎప్పుడో ఎక్కేశారు. ఎక్కి, చేతికొచ్చిన చక్కెరను పొయ్యిలో పోశారు. కమలాపురం మిల్లు 2014లో ఆగిపోయింది. దాన్ని నమ్ముకుని ఊళ్లో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో. ఆ గుజ్జుతో పాటు తీపినీళ్లకూ ఒక ధర పలికివుంటే కథ మారేదా అని మాష్టారిని అడిగాను. “అంత ఆశ వద్దు లెండి” అన్నారు ఆయన.

గోడ తెరిచాక కూడా గొలుసు తెంపేవాడొకడు కావాలి. వాడు దొరికిన వైనం సీరియల్లో వేసుకోదగినది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యానికి జపాను గుళ్లతో పాటు మరో శత్రువు ఎదురైంది. నూలుగుడారాలు, బెల్టులు, యూనిఫారాలు నెలలు తిరక్కుండా చివికి రాలిపోయేవి. ఎవడు తింటున్నాడో పట్టుకోమని సైన్యం శాస్త్రవేత్తలను పురమాయించింది. పాడైన గుడారపు గుడ్డమీద ఒక ఆకుపచ్చని బూజు పట్టుబడింది. నూలంటే దాదాపు శుద్ధమైన సెల్యులోజే గదా! శత్రువును చంపే మందు వెతకడానికి మొదలైన పని, తరువాతి కాలంలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ అనే ఇద్దరి చేతుల్లో తలకిందులైంది. గుడారాన్ని చక్కెర చేసుకుని తింటున్న ఈ బూజుతో మనమే చక్కెర చేయించుకోకూడదా అన్నారు వాళ్లు. 1977లో ఆ బూజుకు రీస్ గారి పేరే పెట్టారు, ట్రైకోడెర్మా రీసై అని. ఈ రంగంలో వాడే ఎంజైములు చాలావరకు ఆ ఒక్క గుడారపు బూజు సంతతివారివే.

ఇక మన దేశంలో ఏం జరుగుతోందంటే, హర్యానాలోని పానిపట్టులో 2022 ఆగస్టు 10న ఇండియన్ ఆయిల్ వారి కర్మాగారాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని దాని లక్ష్యం. అస్సాంలో నుమాలిగఢ్ దగ్గర 2025 సెప్టెంబరులో వెదురుతో నడిచే కర్మాగారం తెరిచారు. అది ఏటా 5 లక్షల టన్నుల పచ్చివెదురు కోరుతుంది. అక్కడ గోడ తెరిచే తాళంచెవి ఫార్మిక్ ఆమ్లం, అడవిచీమ కుట్టినప్పుడు మనల్ని మండించేదే! పాకం ముదిరితే పుట్టే ఫర్‌ఫ్యూరాల్‌ను కూడా వాళ్లు పారబోయకుండా అమ్ముకునే సరుకుగా తీస్తారు.

వీటిని చూసి ఉబ్బిపోకూడదని మాష్టారి హెచ్చరిక. అమెరికాలో డ్యూపాంట్ అంతటి కంపెనీ అయోవాలో మొక్కజొన్న చొప్పతో నడిచే కర్మాగారాన్ని 2015లో తెరిచి, 2017లోనే చాలించుకుంది. రుమేనియాలో క్లారియంట్ అనే మరో పెద్ద కంపెనీ గడ్డితో నడిపేది 2023లో మూసింది. రసాయనశాస్త్రంలో పొరపాటేమీ కాదు. ఊరూరా తిరిగి గడ్డి పోగుచేసి, మట్టీ రాళ్లూ ఏరి, ముక్కలు కొట్టి, వేడిచేసి, ఆమ్లం పోసి, పోసిన ఆమ్లాన్ని మళ్లీ విరిచి, ఎంజైము కొని, చివరకు తీసిన లీటరుకు చెరకుమడ్డి లీటరుతోనూ నూకల లీటరుతోనూ పోటీ. పైగా కట్టునార నుంచి వచ్చే చక్కెరను మామూలు ఈస్టు ముట్టనే ముట్టదు. దానికి వేరే జాతి ఈస్టును తయారుచేసుకోవాలి.

ఇంత విన్నాక బావమరిదికి చెప్పవలసిన జవాబు నాకే తట్టింది. ఇథనాలుకోసం సుబాబుల్ కొనేవాడు మన వైపు ఇప్పట్లో రాడు. వచ్చినా కాగితం వాడికంటే ఎక్కువ ఇవ్వలేడు. చెట్టు ముదిరి, బెరడు ఒలిచి, కొలతకు కోసిన కర్ర కొంటే అతని లెక్క మొదటి మెట్టు మీదే తలకిందులవుతుంది. ఈ విద్య బతికితే ధర లేని కట్టెమీదే బతకాలి. అది ఖమ్మంలో కావలసినంత ఉంది. పత్తి ఏరడం అయ్యాక చేలో నిలబడి ఉండే పత్తికట్టె, మిరప తోట తీసేశాక మిగిలే మిరపకట్టె. పత్తికట్టె చూడటానికి మొక్క గాని, లోపల చెట్టే. సెల్యులోజు, లిగ్నిన్ పాళ్లు కర్రకు దగ్గరగానే ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాయంకాలం ఖమ్మం చుట్టుపక్కల పొలాలమీద లేచే పొగలో అదెంతో ఉంది.

అడవి సంగతి కూడా మాట్లాడకుండా ఈ మాట ముగించలేను. ఒకప్పుడు మిల్లులకు వెదురూ కర్రా అడవినుంచే వచ్చేవి. పరిశ్రమలు అడవిమీద కాక రైతుమీద ఆధారపడాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం చెప్పింది. సారపాక మిల్లు మంచిరకం జామాయిల్ కొమ్మమొక్కలు తయారుచేసే పరిశోధన 1989లో మొదలుపెట్టి, తరువాత వాటిని రైతులకివ్వసాగింది. మా బావమరిది చేలో సుబాబుల్ వచ్చిందీ ఆ గాలివాటానే. 2006 నాటి అటవీహక్కుల చట్టం వెదురును అడవి ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని కోసుకుని అమ్ముకునే హక్కు గూడెం వాళ్లకిచ్చింది. రేపు చక్కెర మిల్లు ఒకటి గోదావరి ఒడ్డున లేచి, రోజుకు వందల టన్నులు అడిగితే, పత్తికట్టె అందని నెలల్లో అది ఎటు చూస్తుంది? ఏటి అవతల కనబడే పచ్చదనం వైపే గదా. మిల్లుకు అనుమతి ఇచ్చేవారు ముందు అడగవలసిన ప్రశ్న ఇదని నా అభిప్రాయం. ఆ అడవిలో చైత్రం రాకముందే ఇప్పచెట్టు రాత్రంతా తియ్యని పూలు రాలుస్తుంది. తెల్లవారుజామున కోయ ఆడవాళ్లు బుట్టలతో వెళ్లి ఏరుకుంటారు. గోడ లేదు, ఆమ్లం లేదు, బాయిలరు లేదు. చెట్టు నిలబడి ఉండగానే వచ్చే చక్కెర అది.

ఇదంతా బావమరిదికి ఫోనులో చెప్పాను. కాసేపు పలకలేదు. “అయితే సుబాబుల్ మాట మరిచిపొమ్మంటావు. పత్తికట్టె దాచిపెట్టమంటావు” అన్నాడు.

“దాచిపెట్టమని అనలేదోయ్...” అని నేను నసిగాను.

ఫాల్గుణంలో మళ్లీ అతనే ఫోను చేశాడు. రెండెకరాల పత్తికట్టె పీకించి గట్టున కుప్ప వేశాడట. తగలబెట్టలేదట. ఇంతలో వ్యవసాయాధికారి అటుగా వచ్చి, గులాబీరంగు పురుగు ఆ ఎండుకాయల్లోనే దాక్కుని మళ్లీ పంటకు ఎక్కుతుంది, కుప్ప ఉంచొద్దని మందలించి వెళ్లాడట.

“నీ చక్కెర మిల్లు ఎక్కడిదాకా వచ్చింది బావా?” అన్నాడు.

“పానిపట్టు దాకా” అన్నాను.

నవ్వాడు. కట్టెను ముక్కలు చేసే యంత్రం పక్కఊళ్లో అద్దెకు ఉందనీ, వరసలో నాలుగోవాడుగా పేరు రాయించాననీ, అది వచ్చేలోగా వాన సూచన కనబడితే అగ్గిపెట్టె తప్పదనీ చెప్పాడు. సుబాబుల్ సంగతి అడిగాను. ఎకరం నరికించాడు, అమ్మాయి ఫీజు కట్టాడు. మొదళ్లు అప్పుడే చిగురు వేస్తున్నాయట. మిగతా రెండెకరాలు వచ్చే సంక్రాంతి దాకా ఉంచుతానన్నాడు. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పనూ లేదు. అక్కయ్యకు ఫోను ఇమ్మన్నాడు. ఇచ్చాను.